యూటా ఎడారి గండ్లలో సైకిల్ యాత్ర: మజిలీలు నీళ్ళను బట్టి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పదేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాము. నేనూ మావారూ నాలుగేళ్ళుగా వారాంతాల్లో సైకిల్ తొక్కుతున్నాము. టెక్సస్‌లో సామానుతో రెండు మూడు రోజుల ప్రయాణాలు చేశాము. అక్టోబరు 18 నుంచి పన్నెండు రోజులు సెలవు దొరికింది. దక్షిణ యూటాలో పాంగ్విచ్ నుంచి బ్రైస్ కాన్యన్, ఎస్కలాంటే, టోరీ, హ్యాంక్స్‌విల్, బ్లాండింగ్‌ల మీదుగా మోయాబ్ దాకా 380 మైళ్ళు ఏడు రోజుల్లో, అంటే రోజుకు 55 మైళ్ళ చొప్పున వెళ్ళి, మిగిలిన రోజులు మోయాబ్‌లో గడపాలని అనుకుంటున్నాము. చదును నేల మీద 70 మైళ్ళు మాకు కష్టం కాదు. ఎన్ని నీళ్ళు మోయాలి, ఎలాంటి టైర్లు వేసుకోవాలి, శాకాహారులమైన మాకు తిండి దొరుకుతుందా, ఫోను పనిచేయదంటే భయపడుతున్న మా అమ్మకు ఏమని చెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరంతో పాటు పంపిన పట్టికలో ఊళ్ళు ఉన్నాయి, దూరాలు ఉన్నాయి, ఖర్చు కూడా ఉంది కానీ, ఏ మజిలీ ఎంత ఎత్తున ఉందో, ఏ రెండు మజిలీల మధ్య నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో రాసే గడులు లేవు. ఆ రెండు గడులూ గీసి నింపడం మొదలుపెడితే మీ ఏడు రోజుల లెక్క మూడో వరుస దగ్గరే ఆగిపోతుంది. అందుకే టైర్ల సంగతీ తిండి సంగతీ తరువాత చెబుతాను.

ఎడారి అనగానే మన ప్రాంతం వాళ్ళకు ఎండ గుర్తొస్తుంది. అనంతపురంలో పుట్టినవారికి నీటి ఎద్దడిని గురించి చెప్పనక్కరలేదు కానీ, ఈ ఎడారి సముద్రమట్టానికి 4,000 అడుగుల నుంచి 9,600 అడుగుల దాకా పరుచుకున్న పీఠభూమి. డాలస్‌లో 500 అడుగుల లోపు ఎత్తున గాలి పీల్చే మీరు బ్రైస్ అంచున 8,000 అడుగుల దగ్గర మొదటి రాత్రి నిద్రపోబోతున్నారు. అక్కడ అక్టోబరు మధ్యాహ్నం చొక్కా మీద తిరగవచ్చు. అదే రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. పైగా గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. దాహం వేసేసరికి తలనొప్పి మొదలై ఉంటుంది, అది ఎత్తు వల్ల వచ్చిందో నీళ్ళు తక్కువై వచ్చిందో తేల్చుకోవడం కూడా కష్టమే.

ముందుగా తేదీల సంగతి. అక్టోబరు 18 అంటే ఈ దారికి చివరి అంచు. జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఉరుములతో వానలు పడి, ఎండిన వంకలు క్షణాల్లో పొంగుతాయి కాబట్టి అప్పుడు వెళ్ళకూడదు. సెప్టెంబరు చివరి వారానికి వానలు వెనకపడతాయి, చలి ఇంకా ముదరదు, ఎస్కలాంటేకూ టోరీకీ మధ్య మీరు ఎక్కవలసిన బోల్డర్ కొండ మీద ఆస్పెన్ చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. అక్టోబరు రెండో సగానికి కొండ మీద మంచు పడే అవకాశం పెరుగుతుంది, కొండ మీది క్యాంప్‌గ్రౌండ్లలో గొట్టాలు పగులుతాయని కొళాయిలు ముందే కట్టేస్తారు, పగటి వెలుతురు నెలాఖరుకు పదకొండు గంటల లోపుకు తగ్గుతుంది. దానికి తోడు యూటాలో బడులకు అక్టోబరు మూడో వారం ప్రాంతంలో సెలవులు ఇస్తారు, ఇంచుమించు అప్పుడే తుపాకులతో జింకల వేట కూడా మొదలవుతుంది. మొదటి దాని వల్ల క్యాంప్‌గ్రౌండ్లు నిండిపోతాయి, రెండో దాని వల్ల మీరు నారింజ రంగు చొక్కా తొడుక్కోవలసి వస్తుంది. సెలవును సెప్టెంబరు 25 ప్రాంతానికి జరుపుకోగలిగితే జరుపుకోండి. జరపలేకపోతే, బోల్డర్ కొండ ఎక్కే రోజును ముందుగా నిర్ణయించి ఉంచకుండా, ఆ రోజుకు అటూ ఇటూ ఒక్కో రోజు ఖాళీ ఉంచుకోండి.

ఇప్పుడు దారి. ఈ యాత్రకు ప్రాణం 12వ నంబరు రహదారి. పాంగ్విచ్ దక్షిణాన మొదలై టోరీ దాకా 120 మైళ్ళ పైచిలుకు. మీ పట్టికలో ఎస్కలాంటే నుంచి బోల్డర్‌కు 28 మైళ్ళే కదా అని, ఆ రోజే కొండ కూడా ఎక్కి టోరీ చేరాలని 65 మైళ్ళు వేసుకున్నారు. నా మాట విని ఆ వరుసను కొట్టివేయండి. ఎస్కలాంటే దాటాక రోడ్డు తెల్లటి, లేత ఎరుపు రాతి అలల మీదికి ఎక్కుతుంది. హెడ్ ఆఫ్ ది రాక్స్ అనే చోట నిలబడితే మీరు దిగబోయే దారంతా రాయి మీద నల్ల దారంలా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఎస్కలాంటే నది దాకా దిగి, కాఫ్ క్రీక్ దాటగానే 14 శాతం వాలు ఉన్న ఎక్కుడు మొదలవుతుంది. అది ముగిసేది హాగ్‌బ్యాక్ అనే వీపు లాంటి గట్టు మీద. రెండు వరుసల రోడ్డు, రెండు పక్కలా లోయ, చాలా మేరకు పిట్టగోడ కూడా లేదు. పక్కగాలి ఉన్న రోజున అక్కడ సామాను సంచులు తెరచాపల్లా పనిచేస్తాయి. నేను మొదటిసారి ఆ గట్టు మీద దిగి నడిచాను, రెండోసారి కూడా నడిచాను, అందులో సిగ్గుపడింది లేదు. ఆ 28 మైళ్ళకు ఒక పూర్తి రోజు ఇవ్వండి. వీలైతే రెండు రోజులుగా విరిచి, మధ్యలో కాఫ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగి, రానుపోను ఆరు మైళ్ళు ఇసుకలో నడిచి 126 అడుగుల జలపాతాన్ని చూసి రండి. ఎడారిలో ఆ నీటి చప్పుడు వినడానికే నేను మళ్ళీ వెళతాను.

బోల్డర్ ఊరు 6,700 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి టోరీకి 37 మైళ్ళు. మధ్యలో కనుమ 9,600 అడుగులు. అంటే దాదాపు 2,900 అడుగుల ఎక్కుడు, అదీ ఒకే ధాటిగా కాకుండా, ఎక్కి కాస్త దిగి మళ్ళీ ఎక్కే రకం, ఓపికకు పరీక్ష పెట్టేది. ఈ కొండ మీది రోడ్డుకు తారు పడింది 1985లోనే. ఉదయం ఏడు గంటలకు బయలుదేరండి, మధ్యాహ్నం రెండింటి లోపు పైకి చేరండి, కనుమ మీద చెమట చొక్కా మార్చి, చేతి తొడుగులూ మంకీ క్యాపూ వేసుకున్నాకే దిగుడు మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు మంచుగడ్డలా పట్టుకుంటుంది. వేళ్ళు మొద్దుబారితే బ్రేకు నొక్కుతున్నామో లేదో కూడా తెలియదు.

ఇక టోరీ తరువాత సంగతి. నిర్ణయం మీదే కానీ, నా అభిప్రాయం దాచుకోను: ఈసారి మోయాబ్‌ను వదిలేయండి. హ్యాంక్స్‌విల్ నుంచి బ్లాండింగ్ దాకా 95వ రహదారి మీద 120 మైళ్ళ పైన ఒక్క ఊరు లేదు. మధ్యలో కొలరాడో నది దగ్గర హైట్ అనే చోటు పటంలో పడవల రేవుగా కనిపిస్తుంది. పావెల్ జలాశయం కుంచించుకుపోయి నీళ్ళు ఆ రేవును ఎప్పుడో విడిచి వెళ్ళాయి, అక్కడి చిన్న దుకాణం తెరిచి ఉండే రోజులు ముందుగా ఫోను చేసి కనుక్కోవలసిందే. ఆ తరువాత నమ్మదగిన కొళాయి నేచురల్ బ్రిడ్జెస్ జాతీయ స్మారక ప్రాంతపు సందర్శకుల కేంద్రంలో ఉంది, అది రహదారికి నాలుగు మైళ్ళు పక్కన. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుందని మీకు తెలుసు. 2013లోనూ 2025లోనూ బడ్జెట్ ఆమోదం కాక ఆ రోజు నుంచే ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. అలాంటి ఏడాది కేంద్రం తలుపుకు తాళం ఉంటే, ఆ కొళాయిని నమ్ముకున్నవాళ్ళు ఏమి తాగుతారు? ఆ దారి తప్పక వెళ్ళవలసిందే అనుకుంటే మనిషికి పది లీటర్లు పట్టే సంచులు ఉండాలి, అంటే పది కిలోల అదనపు బరువు. దానితో నది దగ్గర 4,000 అడుగుల లోపు నుంచి 6,500 అడుగులకు ఎక్కాలి. చివర మోంటిసెల్లో నుంచి మోయాబ్ దాకా 191వ రహదారి మీద లారీల రద్దీలో 54 మైళ్ళు తొక్కాలి, దానిలో అందం కన్నా భయం ఎక్కువ. దీనికి ఒక వసంతంలో వేరుగా రండి.

దీనికి బదులు నేను చెప్పేది ఒక చుట్టు. కారును బ్రైస్ దగ్గర అనుమతి తీసుకుని ఉంచండి. మొదటి రెండు రాత్రులు అక్కడే ఉండి, రెండో రోజు సామాను లేకుండా పార్కు రోడ్డు మీద 18 మైళ్ళు ఎక్కి, 9,100 అడుగుల ఎత్తున్న రెయిన్‌బో పాయింట్ దాకా వెళ్ళి రండి. ఇది విహారం కాదు, ఊపిరితిత్తులకు అలవాటు చేయడం. తలనొప్పీ వికారమూ తగ్గకపోతే మొండితనం చూపకుండా కిందికి దిగండి. తరువాత ట్రాపిక్ మీదుగా బ్లూస్ అనే బూడిద రంగు కొండలు ఎక్కిదిగి ఎస్కలాంటే, అక్కడి నుంచి కాఫ్ క్రీక్, బోల్డర్, టోరీ. టోరీ నుంచి 11 మైళ్ళు దిగితే క్యాపిటల్ రీఫ్ పార్కులో ఫ్రూటా. 1880ల నుంచి మోర్మన్ కుటుంబాలు నాటి పెంచిన పండ్ల తోటలు ఎర్రటి గోడల మధ్య ఇప్పటికీ కాస్తున్నాయి. ఆపిల్ కోతల కాలమైతే తోటలో నిలబడి తిన్నంత ఉచితం, సంచిలో వేసుకుంటే తూచి డబ్బు కట్టాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు ముందే నమోదు చేసుకోండి, లేకపోతే దొరకదు. అక్కడ ఒక రోజు ఆగి, మళ్ళీ టోరీకి ఎక్కి, లోవా మీదుగా 24వ రహదారి, కూషారెమ్ వైపు 62వ రహదారి, ఆటర్ క్రీక్ జలాశయం, యాంటిమొనీ, అక్కడి నుంచి జాన్స్ లోయ మీదుగా తిరిగి బ్రైస్. మొత్తం రెండు వందల మైళ్ళ పైచిలుకు. మీ సెలవుకు ఇది తక్కువ అనిపిస్తే, నాలుగో రోజు సాయంత్రం హాగ్‌బ్యాక్ దిగువన టెంట్ వేసుకున్నాక నాకు మరో ఉత్తరం రాయండి.

నీళ్ళు ఎన్ని అని అడిగారు. ఈ చుట్టులో ఊరికీ ఊరికీ మధ్య మనిషికి ఐదు లీటర్లు, దారిలో టెంట్ వేసే రోజున మూడు లీటర్లు అదనం. వంకల్లో కనబడే నీటిని లెక్కలోకి తీసుకోకండి. వాటిలో ఒండ్రు ఎక్కువ, వడపోత గొట్టం పది నిమిషాల్లో పూడుకుపోతుంది, కొన్ని ఊటల్లో లోహాలు కలిసి ఉంటాయి కాబట్టి మరిగించినా మంచివి కావు. గొట్టపు ఫిల్టర్ తీసుకెళితే రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో మీ దగ్గరే పెట్టుకోండి, ఎందుకంటే లోపలి తడి ఒక్కసారి గడ్డకడితే సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, చిట్లినట్టు పైకి కనిపించదు. గ్యాస్ డబ్బాకు కూడా అదే చోటు. సీసాలను తలకిందులుగా నిలబెడితే మూత దగ్గర గడ్డకట్టదు. వంకలో మాత్రం టెంట్ వేయకండి. పైన ఆకాశం నీలంగా ఉన్నా, ముప్పై మైళ్ళ అవతల కురిసిన వాన మీ మీదికి వస్తుంది. వంకలు తెలిసిన ఊరి మనిషికి ఇది చెప్పడం అధికప్రసంగమే. నేల మీద నల్లగా, గరుకుగా పొక్కులు పొక్కులుగా కనబడే పొర ప్రాణమున్న నేల. ఒక అడుగు పడితే తిరిగి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, దాని మీద సైకిల్ దించవద్దు.

టైర్ల విషయంలో మీకు ఒక పాత పరిచయస్థుడు ఎదురవుతాడు. అక్కడి రోడ్డు పక్కన గోట్‌హెడ్ అని తిట్టుకుంటూ సైకిల్‌వాళ్ళు ఏరి పారేసే ముల్లు మన పల్లేరు కాయే, పోలిక కాదు, అదే మొక్క. నీడ కనబడిందని రోడ్డు దిగి చెట్టు కిందికి సైకిల్ నడిపించిన ఒక ఉదయం నేను నాలుగు పంక్చర్లు వేసుకున్నాను. సీలెంట్ అనే, చిల్లును లోపలి నుంచే మూసే జిగురు ద్రవం పోసిన ట్యూబులెస్ టైర్లు, వెడల్పు 40 మిల్లీమీటర్ల దగ్గరలో ఉంటే చాలు. రోడ్డు దిగేటప్పుడు సైకిల్‌ను ఎత్తుకుని వెళ్ళండి. మీ దారిలో మట్టి రోడ్లు లేవు కానీ, బోల్డర్ నుంచి బర్ ట్రెయిల్, క్యానన్‌విల్ నుంచి కాటన్‌వుడ్ రోడ్డు మనసు లాగుతాయి. బర్ ట్రెయిల్ మొదటి ముప్పై మైళ్ళూ తారు రోడ్డే, కాబట్టి వెళ్ళినంత దూరం వెళ్ళి రావచ్చు. ఆ పైన మట్టి మాత్రం వాన పడితే మన నల్లరేగడి లాంటిదే, ఆ బంకమన్ను జాతే; చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దిగబడి గట్టిపడిందంటే సైకిల్ మోయవలసిందే. గేర్ల సంగతి ఒక్క మాట: ముందు చిన్న పళ్ళచక్రంలో ఎన్ని పళ్ళు ఉన్నాయో వెనక పెద్దదానిలో అంతకన్నా ఎక్కువ ఉండాలి, 30కి 36 అయితే మీ సామానుకు సరిపోతుంది. డిస్క్ బ్రేకులకు కొత్త ప్యాడ్లు వేయించి, మరో జత సంచిలో పెట్టుకోండి. దారిలో సైకిల్ దుకాణం ఉంటుందని లెక్కవేసుకోవద్దు.

తిండి విషయంలో శాకాహారికి ఆ చిన్న ఊళ్ళలో వేపిన బంగాళదుంప ముక్కలూ జున్ను పెట్టిన రొట్టే తప్ప నమ్మకంగా చెప్పగలిగేది లేదు. పైగా ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, మోర్మన్ సంప్రదాయం బలంగా ఉన్న ప్రాంతం. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం ఆకలితో ఒక ఊరు చేరి, మూసిన తలుపు ముందు కూర్చుని, సంచి అడుగున మిగిలిన ఉప్పుశనగలతో పూట గడిపాను. శనివారం సాయంత్రానికే సరుకులు కొనేలా రోజులు సర్దుకోండి. 8,000 అడుగుల ఎత్తున నీళ్ళు దాదాపు 92 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కందిపప్పు ఉడికిద్దామని గ్యాస్ తగలేయకండి, బియ్యం కూడా పలుకుగానే మిగులుతుంది. ఇంట్లోనే రవ్వ వేయించి, జీడిపప్పుతో పోపు పెట్టి, ఉప్పు కలిపి పూటకొక పొట్లం కట్టుకుంటే, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టిన పది నిమిషాల్లో ఉప్మా అవుతుంది. అటుకులకు అంత వేడి కూడా అవసరం లేదు. పులిహోర ముద్ద కలిపితే ఉప్పూ పులుపూ నూనే ఒకేసారి ఒంటికి పడతాయి, ఆ గాలిలో ఒంటికి కావలసినవి అవే. సగం సరుకులు మీ పేరున జనరల్ డెలివరీ అని, అంటే మీరే వచ్చి తీసుకునేదాకా పోస్టాఫీసులో ఉంచమని రాసి, బోల్డర్ పోస్టాఫీసుకు ముందే పంపవచ్చు. అది తెరిచి ఉండే గంటలు తక్కువ, ఫోను చేసి కనుక్కోండి. 1930ల దాకా ఆ ఊరికి ఉత్తరాలు కంచరగాడిదల మీద వెళ్ళేవి, ఇప్పుడు మీ కరివేపాకు పొడి వ్యానులో వెళుతుంది. బోల్డర్ కొండ మీద నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి; తిండి సంచిని టెంట్‌లో పెట్టుకోవద్దు. పగటిపూట దొంగలు మాత్రం కాకులే, అవి జిప్పు లాగడం కూడా నేర్చుకున్నాయి.

స్లీపింగ్ బ్యాగ్ సెల్సియస్ లెక్కన సున్నాకు ఏడు డిగ్రీలు కింద దాకా తట్టుకునేదై ఉండాలి, కింద వేసుకునే చాప కూడా చలికాలానిదే తీసుకోండి. వెనక ఎర్రదీపం పగలు కూడా వెలిగించి ఉంచండి, అద్దం బిగించుకోండి. ఆర్‌వీలు, అంటే లోపలే పడుకునే ఏర్పాటు ఉన్న పెద్ద బండ్లు నడిపేవాళ్ళలో చాలామంది ఆ వారమే దాన్ని అద్దెకు తీసుకున్నవాళ్ళు, వాటి పక్క అద్దాలు ఎంత దూరం పొడుచుకు వస్తాయో వాళ్ళకే తెలియదు. చీకటి పడ్డాక రోడ్డు మీద జింకలూ కంచె లేని ఆవులూ ఉంటాయి కనుక, సూర్యాస్తమయానికి గంట ముందే ఆగండి.

మీ అమ్మగారికి ఫోను పనిచేస్తుందని మాత్రం చెప్పకండి, చాలా దూరం పనిచేయదు. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరం ఒక నెలకు చందా కట్టి తీసుకోండి. రోజూ సాయంత్రం టెంట్ వేయగానే ఒక సందేశం పంపుతామని, అది ఒక రోజు రాకపోతే కంగారుపడవద్దనీ, రెండో రోజు మధ్యాహ్నానికి కూడా రాకపోతే ఫలానా నంబరుకు ఫోను చేయమనీ కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ నంబరు మీరు వెళ్ళే ప్రాంతపు షెరీఫ్ కార్యాలయానిది. బ్రైస్, ఎస్కలాంటే, బోల్డర్‌లు గార్‌ఫీల్డ్ కౌంటీ, టోరీ, లోవా వేన్ కౌంటీ. ఆ కాగితం మీద మజిలీల పట్టిక కూడా ఉండాలి, ఈసారి ఎత్తూ నీళ్ళూ రాసిన గడులతో.

బయలుదేరే ముందు ఒక వారాంతం, సామానంతా కట్టి, ఐదైదు లీటర్ల నీళ్ళు నిజంగా నింపి, డాలస్‌లో ఎక్కడైనా నిటారైన వంతెనో కట్టో చూసుకుని, దాన్ని ఇరవైసార్లు ఎక్కి దిగండి. పదోసారికి ఏ సంచి ఊగుతోందో, ఏ గేరు పడటం లేదో తెలిసిపోతుంది, బాగుచేయించుకోవడానికి ఇంటి దగ్గర ఇంకా దుకాణం ఉంటుంది.